పాఠ్యగ్రంథము ఎవరి మాతృభాష మీద నిలిచియున్నది?
గ్రీకు, హెబ్రీ, కోయ భాషల బోధనపై ఒక పరిశీలన

వేదాంత కళాశాలల్లో గ్రీకు, హెబ్రీ భాషలు చదివిన సేవకులలో చాలామంది పరీక్షలు ముగిసిన తరువాత ఆ పుస్తకములను మళ్లీ తెరవరు. దీనికి సాధారణంగా రెండు కారణములు చెప్పబడుతున్నాయి. ఒకటి విద్యార్థికి శ్రద్ధ లేకపోవడం, రెండవది సంఘ పరిచర్యలోని ఒత్తిడి. రెండింటిలోనూ కొంత నిజమున్నది. అయితే మూడవ కారణమును గూర్చి మన మధ్య చర్చ తక్కువ. అది మనము ఎంచుకొనే పాఠ్యగ్రంథము. ఏ భాషా పాఠ్యగ్రంథమైనా నేర్చుకొనేవానికి ముందే ఒక భాష వచ్చునని భావించి వ్రాయబడుతుంది. ఆ భాష విద్యార్థి మాతృభాష కానప్పుడు, సులువైనది కష్టముగాను, కష్టమైనది సులువుగాను కనబడుతుంది. ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఇదే. ఈ ప్రమాణముతో మొదట గ్రీకు, హెబ్రీ గ్రంథములను, తరువాత అడవి సరిహద్దులోని మన పరిచర్యకు అవసరమైన కోయ భాషను పరిశీలిద్దాము.

1. వాడుకలో ఉన్న గ్రంథములు

గ్రీకు ప్రారంభ విద్యార్థులకు మూడు ఇంగ్లీషు గ్రంథములు ప్రసిద్ధమైనవి. జె. గ్రెషమ్ మేచన్ గ్రంథము 1923లో వెలువడింది. ముప్పది మూడు పాఠములు, క్రమశిక్షణ గల నడక, అనవసరమైన మాట లేని వివరణ దాని బలము. అయితే దాని అభ్యాసములలో ఎక్కువ భాగము గ్రంథకర్త కూర్చిన వాక్యములే. విద్యార్థి నిజమైన సువార్త వాక్యమును చేరేసరికి చాలా కాలం పడుతుంది. జె. డబ్ల్యు. వెన్‌హామ్ గ్రంథము 1965లో వచ్చింది. స్వర చిహ్నముల భారమును తీసివేసి విద్యార్థికి మేలు చేసింది. అభ్యాసములకు జవాబుల పుస్తకము విడిగా ఉండుట వలన ఉపాధ్యాయుడు లేనివాడు కూడా తన పనిని సరిచూచుకోవచ్చును. విలియమ్ మౌన్స్ గ్రంథము 1993లో వచ్చింది. క్రొత్త నిబంధనలో ఏబది సార్లు గాని అంతకంటె ఎక్కువగా గాని వచ్చే సుమారు 320 మాటలు నేర్చుకుంటే, ఆ గ్రంథములోని మొత్తం మాటలలో సుమారు 80 శాతం తెలిసినట్లేనని లెక్కకట్టి, ఆ మాటలనే ముందు నేర్పుతుంది. అభ్యాసములలో లేఖన వాక్యములు త్వరగా వస్తాయి.

ఈ మూడును మంచి గ్రంథములే. కాని వెన్‌హామ్ ఆరంభములోనే ఇంగ్లీషు వ్యాకరణము నేర్పుతాడు. మౌన్స్ నామవాచకమును, క్రియను పరిచయము చేయునప్పుడు మొదట ఇంగ్లీషులో అవి ఎట్లు నడుచునో వివరిస్తాడు. తమ దేశపు విద్యార్థిని ఎరిగిన బోధకులు చేయవలసిన పనే వారు చేశారు. తెలుగు మాధ్యమములో చదివి వచ్చిన మన విద్యార్థి మాత్రం గ్రీకు కొరకు వచ్చి, ముందుగా ఇంగ్లీషు వ్యాకరణమునకు సుంకము కట్టవలసి వస్తున్నది.

2. మనకు సులువైనది కష్టముగా కనబడుట

మొదట అక్షరములను చూద్దాము. గ్రీకులో హ్రస్వ ఎకార ఒకారములకు, దీర్ఘ ఏకార ఓకారములకు వేరువేరు అక్షరములున్నవి. ఇంగ్లీషువాడు ఈ తేడాను ఉదాహరణలతో శ్రమపడి గ్రహించాలి. మనకు ఎ ఏ, ఒ ఓ బాల్యములోనే పలక మీద వచ్చినవి. అయినా మన ప్రసంగ పుస్తకములలో "లోగోస్" అని అచ్చు వేస్తున్నాము. ఆ మాటలో రెండును హ్రస్వములే, "లొగొస్" అని వ్రాయాలి. "అగాపే" కూడా అట్టిదే. అక్కడ దీర్ఘము చివరి ఏకారమునకే గాని మధ్యనున్న గకారమునకు లేదు, అది "అగపే". ఇంగ్లీషు నోటి గుండా వచ్చుట వలన తెలుగు లిపికి చేతనైన పని కూడా మనము చేయించుకోలేదు. అట్లే ప్రాచీన గ్రీకులోని థీటా, ఫీ, ఖీ అక్షరములు మొదట మన థ, ఫ, ఖ వంటి మహాప్రాణములే అని భాషా చరిత్రకారులు చెప్తారు.

విభక్తులు రెండవ సంగతి. గ్రీకులో కర్త, కర్మ వాక్యములోని స్థానమును బట్టి గాక, మాట చివరి మార్పును బట్టి తెలుస్తాయి. ఇంగ్లీషు విద్యార్థికి ఇది కొత్త లోకము. "పేతురు యోహానును చూచెను", "యోహానును పేతురు చూచెను" అనే రెండు వాక్యములను ఒకే అర్థముతో చదివే తెలుగువానికి ఇందులో ఆశ్చర్యమేమున్నది? రూపములు కంఠస్థము చేయక తప్పదు, నిజమే. కాని అసలు సూత్రము అతని నాలుక మీదనే ఉన్నది.

మూడవది మిడిల్ వాయిస్. కర్త తన కొరకు గాని తన మీద గాని చేసుకొనే పని అని ఇంగ్లీషు గ్రంథములు పలు వాక్యములలో వివరిస్తాయి. తెలుగులో "కొను" అనే ఒక్క సహాయక క్రియ ఉన్నది. యోహాను 13వ అధ్యాయములో ప్రభువు శిష్యుల పాదములు "కడుగుట" కర్తరి రూపము. 9వ అధ్యాయములో గ్రుడ్డివానితో "కడుగుకొను" అన్నది మిడిల్ రూపము. సంస్కృతము చదివినవారు పరస్మైపదము, ఆత్మనేపదము అనే విభజనను కూడా ఇక్కడ జ్ఞాపకము చేసికోవచ్చును. ప్రతి మిడిల్ రూపమును "కొను"తో అనువదించలేము. రూపములో మిడిల్, అర్థములో కర్తరి అయిన "ఎర్ఖొమై" వంటి క్రియలున్నవి. అయినను తలుపు తెరచుటకు ఈ తాళపుచెవి చాలును.

నాల్గవది పార్టిసిపుల్. ఇంగ్లీషు విద్యార్థులు అత్యధికముగా భయపడే భాగమిది. మనకు "వచ్చి, చూచి" అనే క్త్వార్థకములు, "చేయుచు" అనే శత్రర్థకములు, "విశ్వసించువాడు" అనే నిర్మాణము నిత్య వాడుక. గ్రీకులో "హొ పిస్తెఉఓన్" అన్నదానికి తెలుగులో ఒక్క మాట చాలును. ఇంగ్లీషులో దానికి ఒక ఉపవాక్యము కావాలి. మత్తయి 28:19లో ప్రధాన ఆజ్ఞ శిష్యులనుగా చేయుట. "వెళ్లి" అన్నది దానికి ముందు వచ్చే పార్టిసిపుల్. బాప్తిస్మమిచ్చుట, బోధించుట కూడా పార్టిసిపుల్ రూపములే. ఈ కట్టడి తెలుగు వాక్యములో చెక్కు చెదరకుండా నిలుస్తుంది. ఇంగ్లీషు తర్జుమాలో రెండు ఆజ్ఞలుగా చదివి, ప్రయాణమునే ఆజ్ఞగా చేసి ప్రసంగించువారు తమ తెలుగు బైబిలును మరల చూచుట మంచిది.

హెబ్రీలోనూ ఇట్టి మేలు ఉన్నది. హెబ్రీలో "ఉన్నాడు, అయియున్నాడు" అనే క్రియ లేకుండానే వాక్యము పూర్తి అవుతుంది. 1939లో వచ్చిన వైన్‌గ్రీన్ వ్యాకరణము మొదలుకొని ఇంగ్లీషు గ్రంథములన్నీ అక్కడ ఒక క్రియను చేర్చి అనువదించుట నేర్పవలసినదే. "అతడు రాజు", "ఆమె మా అక్క" అని దినమంతా మాట్లాడే మనకు చేర్చవలసినదేమీ లేదు.

3. మనకు కష్టమైనది సులువుగా దాటిపోవుట

దీనికి మరొక వైపున్నది, అది మరింత ప్రమాదకరమైనది. గ్రీకులో ఆర్టికల్ ఉన్నది, ఇంగ్లీషులోనూ ఉన్నది. కనుక ప్రారంభ గ్రంథములు దాని రూపములు నేర్పి, ప్రయోగమును కొద్ది మాటలలో దాటుతాయి. తెలుగులో ఆర్టికల్ లేదు. మన విద్యార్థికి ఇక్కడ ఒక పూర్తి అధ్యాయము అవసరము.

ఇది వ్యాకరణ పండితుల ముచ్చట కాదు. యోహాను 1:1 చివరి భాగములో "థెఒస్" అను మాటకు ఆర్టికల్ లేదు కాబట్టి వాక్యము "ఒక దేవుడు" మాత్రమే అని యెహోవా సాక్షులు ఇంటింటికి వచ్చి చెప్తారు. ఆర్టికల్ లేని ప్రతి మాట "ఒక" అని అర్థమియ్యదని గ్రీకు చదివిన సేవకుడు ఎరిగియుండాలి. అదే అధ్యాయము 6, 12, 13, 18 వచనములలో కూడా ఆ మాటకు ఆర్టికల్ లేదు. అక్కడ "ఒక దేవుడు" అని వారును అనువదించరు. క్రియకు ముందు వచ్చే ఇట్టి నామములను గూర్చి ఇ. సి. కాల్‌వెల్ 1933లో ప్రకటించిన పరిశీలన, దానిపై తరువాత జరిగిన చర్చ విద్యార్థికి అందాలి. ఆర్టికల్‌ను గూర్చి నాలుగు వాక్యములు చదివి పట్టా పొందినవాడు సంఘములో ఒక తల్లి అడిగే ప్రశ్నకు ఏమి జవాబు చెప్పగలడు?

మరొక ఉదాహరణ. గ్రీకులో "హేమెయిస్" అను మాటకు "మేము" అనియు "మనము" అనియు అర్థము రావచ్చును. ఇంగ్లీషులోనూ ఒకటే మాట గనుక ఆ గ్రంథములకు ఈ ప్రశ్నే పుట్టదు. తెలుగు అనువాదకుడు ప్రతి చోట తేల్చుకోవాలి. మార్కు 4:38లో తుపానుకు భయపడిన శిష్యుల మాటలో "మేము" అంటే ప్రభువు ఆ నాశనమునకు వెలుపల ఉన్నాడు, "మనము" అంటే ఆయన కూడా వారితో మునిగిపోతున్నాడు. క్రియా రూపము ఒక్కటే, వేదాంతము వేరు. ఈ ప్రశ్న అడిగే పాఠ్యగ్రంథము మనకు కావాలి.

4. మన భాష నేర్చుకున్నవారు ఏమి చేశారు?

విలియమ్ కేరీ తెలుగు వ్యాకరణము 1814లో శ్రీరాంపూరు నుండి వెలువడింది. మన బి.డి. పట్టాలిచ్చే సెనేటు ఆ ఊరి పేరునే ధరించియున్నది. 1873లో మచిలీపట్నపు సి.ఎం.ఎస్. మిషనరీ ఎ. హెచ్. ఆర్డెన్ తెలుగు వ్యాకరణమును ప్రకటించాడు. దాని శీర్షికలోనే క్రమక్రమముగా ముందుకు నడిపించు వ్యాకరణము అనే భావమున్నది. ఇంగ్లీషువాడు ఎక్కడ తడబడునో ఎరిగి, విస్తారమైన ఉదాహరణలతో, అభ్యాసములతో వ్రాయబడిన గ్రంథమది. తెలుగు వ్యాకరణమే అయినను, అది ఇంగ్లీషువాని కాళ్లకు కుట్టిన చెప్పు.

మన దగ్గరకు వచ్చినవారు మన భాషను తమ మాతృభాష మీద నిలబడి నేర్చుకున్నారు. మనము గ్రీకును కూడా వారి మాతృభాష మీదనే నిలబడి నేర్చుకొంటున్నాము. వారిని తప్పుపట్టవలసినది లేదు. వారి పద్ధతిని అనుసరించక, వారి పుస్తకమును మాత్రమే అనుసరించుటలో లోపమున్నది.

ఇంగ్లీషు గ్రంథమును ఉన్నదున్నట్లు తెలుగులోనికి మార్చినందు వలన ఈ లోపము తీరదు. అట్టి అనువాదములో ఇంగ్లీషువాని కష్టములన్నీ తెలుగు అక్షరములలో మన విద్యార్థికి సంక్రమిస్తాయి.

5. కోయ భాష: ఇదే ప్రశ్న మన వైపు తిరిగినప్పుడు

ఖమ్మం, భద్రాచలం అడవి సరిహద్దులో సేవచేయువారికి ఈ విమర్శ ఇంతటితో ఆగదు. కోయ సంఘములలో మనము తెలుగులో బోధిస్తున్నాము. "వారికి తెలుగు అర్థమవుతుంది కదా" అనుట మన వాడుక. "మీకు ఇంగ్లీషు అర్థమవుతుంది కదా" అని మనతో అన్నవారి మాటకు, ఈ మాటకు భేదమేమి? సంతలో బేరమాడుటకు చాలిన భాష వేరు, మరణ శయ్య యొద్ద ప్రార్థించుటకు కావలసిన భాష వేరు.

దుమ్ముగూడెములో గోదావరి నౌకాయాన పనుల ఇంజనీరు హేగ్ ప్రోత్సాహముతో మొదలైన సి.ఎం.ఎస్. పరిచర్యలో రెవ. జాన్ కెయిన్ కోయల మధ్య పనిచేసి, 1870లలో ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను గూర్చి వ్యాసములు వ్రాశాడు. లూకా సువార్త కోయ భాషలో 1880లలోనే అచ్చయింది. అంత తొందరగా మొదలైన పనికి, తెలుగు సేవకుడు కోయ నేర్చుకొనుటకు తగిన పాఠ్యగ్రంథము తోడు కావలసియున్నది.

స్టీఫెన్ టైలర్ 1969లో గొమ్ము కోయ మాండలికముపై వ్యాకరణమును ప్రకటించాడు. అది భాషాశాస్త్రజ్ఞుల కొరకు వ్రాయబడినది, పాఠములుగా విభజించబడినది కాదు. కోయ గోండీ శాఖకు చెందినది, తెలుగు కూడా అదే దక్షిణ మధ్య ద్రావిడ కుటుంబములోనిది. ఈ బంధుత్వమే మనలను మోసగించగలదు. ఉదాహరణకు, తెలుగులో ఏకవచనమున "అది, వచ్చింది" అని స్త్రీని పురుషేతర వర్గములో చెప్పినా, బహువచనములో స్త్రీపురుషులిద్దరికీ "వారు వచ్చారు" అంటాము. గోండీ శాఖలో సాధారణంగా బహువచనములో కూడా స్త్రీలు పురుషేతర వర్గములోనే నిలుస్తారు. ఇంగ్లీషువానికి ఇది అనేక కొత్త సంగతులలో ఒకటి. తెలుగువానికి ఇది తెలిసినట్లే ఉండి జారిపడే చోటు. తెలుగువాని కొరకు వ్రాసిన పుస్తకము మాత్రమే ఇక్కడ హెచ్చరిక పలక నాటగలదు.

2004లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోయతో కలిపి ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక తరగతులకు వాచకములు సిద్ధపరచింది. తెలుగు లిపిలో ఉన్న ఆ కోయ వాచకములు పిల్లల కొరకైనవే. అయినను కోయ నేర్వగోరు సేవకునికి టైలర్ వ్యాకరణము కంటె అవే మొదటి మెట్టు అని మా అభిప్రాయము. లిపిని గూర్చియు ఆలోచించాలి. భద్రాచలం డివిజను 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మంలో కలిసి, 2014లో రెండు రాష్ట్రముల మధ్య విడిపోయింది. దుమ్ముగూడెం తెలంగాణలోను, చింతూరు, కూనవరం ఆంధ్రప్రదేశ్‌లోను ఉన్నవి. అవతల ఛత్తీస్‌గఢ్‌లో దేవనాగరి, ఒడిశాలో ఒడియా లిపి. ఒక లిపిలో వేసిన పుస్తకము సరిహద్దు దాటితే చదువరికి మూగదవుతుంది.

6. ఎంపికకు ప్రమాణములు

పాఠ్యగ్రంథమును నిర్ణయించు కమిటీలు ఈ ప్రశ్నలు అడుగవలెనని మా మనవి. ఈ గ్రంథము ఏ భాష వచ్చినవానిని ఉద్దేశించినది? మనకు సులువైన చోట మన సమయమును వృథా చేయుచున్నదా, కష్టమైన చోట తొందరపడుచున్నదా? లేఖన వాక్యములు ఎన్నవ పాఠములో వస్తాయి? ఉపాధ్యాయుడు లేని పల్లెలో, జవాబుల సహాయముతో, పట్టా పొందిన పదేండ్ల తరువాత కూడా దీనిని తెరచి చదువుకోగలడా?

ఇంగ్లీషు గ్రంథములను విసర్జించవలెనని మేము చెప్పుట లేదు. నిఘంటువులు, వ్యాఖ్యానములు అధికముగా ఆ భాషలోనే ఉన్నవి. మౌన్స్ గాని వెన్‌హామ్ గాని తరగతిలో ఉండనిమ్ము. దానికి తోడుగా ప్రతి గ్రీకు ఉపాధ్యాయుడు అక్షరములు, విభక్తులు, "కొను", క్త్వార్థకము, ఆర్టికల్, "మేము-మనము" అనే ఆరు అంశములపై తెలుగులో చిన్న పుస్తకమొకటి వ్రాయవచ్చును. అది నలుబది పుటలు మించనక్కరలేదు. కోయ విషయములోనైతే, పుస్తకమునకు ముందు బోధకుడు కావాలి. ఆ బోధకుడు మన సంఘములోని కోయ పెద్దయే. ఆయన ప్రక్కన కూర్చుని వ్రాసుకొన్న నోటు పుస్తకమే రాబోవు పాఠ్యగ్రంథమునకు మొదటి ప్రతి అవుతుంది.

పెంతెకొస్తు దినమున కూడివచ్చినవారిలో ప్రతివాడును తాను పుట్టిన భాషలోనే దేవుని గొప్ప కార్యములను వినెను. ఆ జనమునకు అంతకుముందే వచ్చిన రాజకీయ భాషలుండెను. అయినను ఆత్మ ఆ సులువైన మార్గమును ఎంచుకొనలేదు. పాఠ్యగ్రంథములను ఎంపిక చేయు మనకు అది చాలిన మాదిరి.