చిన్న ముద్రణ ఉత్సవాలు – స్వతంత్ర కామిక్స్: అన్వేషణ, పంపకం, విమర్శ బాధ్యత

వ్యాససంగ్రహం

రచయితే గీసి, అచ్చువేసి, స్వయంగా పాఠకుడి చేతికందించే కామిక్స్‌ను స్వతంత్ర కామిక్స్ అంటారు. ఇవి పాఠకులకు ప్రధానంగా చిన్న ముద్రణ ఉత్సవాల్లో పరిచయమవుతాయి. అమెరికాలోని స్మాల్ ప్రెస్ ఎక్స్‌పో, జపాన్‌లోని కోమికెట్ ఈ వ్యాసానికి ప్రధాన ఆధారాలు. ఉత్సవం అమ్మకపు స్థలం మాత్రమే కాదనీ, ఒక పఠనపద్ధతినీ విలువనిర్ణయ పద్ధతినీ రూపొందించే సాహిత్యవ్యవస్థ అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ వ్యవస్థలోని పరిమితులను పరిశీలించి, తెలుగు పరిశోధన దాని నుంచి గ్రహించదగిన అంశాలను సూచిస్తుంది.

కీలకపదాలు: స్వతంత్ర కామిక్స్, చిన్న ముద్రణ, దోజిన్షి, కోమికెట్, ఇగ్నాట్జ్ పురస్కారాలు, లఘుపత్రిక, కథానిలయం.

1. ఉపోద్ఘాతం

సాహిత్య విమర్శ సాధారణంగా పుస్తకం చేతికి వచ్చిన తరువాత మొదలవుతుంది. ఆ పుస్తకం ఎలా వచ్చింది, ఎవరు చేరవేశారు, రానివి ఎన్ని అనే ప్రశ్నలను గ్రంథాలయశాస్త్రానికో ప్రచురణరంగ చరిత్రకో వదిలివేయడం పరిపాటి. స్వతంత్ర కామిక్స్ విషయంలో ఈ విభజన నిలవదు. కొన్ని పదులు, వందల ప్రతులు మాత్రమే అచ్చయ్యే రచన దుకాణానికి చేరదు, గ్రంథాలయ సూచికకు ఎక్కదు, సమీక్షకుడికి అందదు. అది పాఠకుడిని కలిసే సందర్భమే దాని సాహిత్య జీవితంలో అధికభాగం. ఆ సందర్భాన్ని వదిలి కేవలం పాఠాన్ని చదివిన విమర్శ అసంపూర్ణంగా మిగులుతుంది.

చార్లెస్ హాట్‌ఫీల్డ్ 2005లో వెలువరించిన ‘ఆల్టర్నేటివ్ కామిక్స్’ గ్రంథం ఈ ధారను ఎదుగుతున్న సాహిత్యంగా గుర్తించింది. బార్ట్ బీటీ 2012 నాటి ‘కామిక్స్ వర్సస్ ఆర్ట్’లో కామిక్స్‌కు కళాప్రపంచంతో గల సంబంధాన్ని వ్యవస్థల కోణం నుంచి చర్చించాడు. ఈ రెండు దృక్పథాలనూ కలిపి చూడవలసిన చోటు ఉత్సవమే.

2. పంపిణీ పద్ధతి – ఉత్సవం అవసరం

అమెరికాలో 1970ల నుంచి కామిక్స్‌కు ప్రత్యేక దుకాణాల ద్వారా సాగే పంపిణీ పద్ధతి ఏర్పడింది. దుకాణదారుడు నెలనెలా వచ్చే జాబితా చూసి, పుస్తకం అచ్చుకాకముందే ప్రతులు కోరాలి. అమ్ముడుపోనివి తిరిగి ఇచ్చే వీలు లేదు. నష్టభయం పూర్తిగా దుకాణదారుడిదే కాబట్టి పేరున్న కథానాయకుల పుస్తకాలనే అతడు ఎక్కువగా తెప్పించుకుంటాడు. తెలియని రచయిత కోసం సొమ్ము పెట్టడు. ఇక్కడ ఎవరూ ఎవరినీ నిషేధించలేదు. అయినా ఆ పద్ధతి స్వభావమే కొత్త రచనకు అడ్డుగోడ అయింది. 1990ల మధ్యలో పెద్ద ప్రచురణకర్తలు ఒక్కొక్కరే పంపిణీదారుతో ప్రత్యేక ఒప్పందాలు చేసుకోవడంతో డైమండ్ అనే ఒకే సంస్థ చేతిలో ఆ రంగం దాదాపుగా కేంద్రీకృతమైంది. ఆ సంస్థ 2025 జనవరిలో దివాలా రక్షణ కోరడంతో ఒకే ద్వారంపై ఆధారపడిన రంగం ఎంత బలహీనమైనదో స్పష్టమైంది.

ఈ నేపథ్యంలో 1994లో మేరీలాండ్ రాష్ట్రంలో స్మాల్ ప్రెస్ ఎక్స్‌పో మొదలైంది. అక్కడ రచయిత బల్ల వెనుక కూర్చుంటాడు, పాఠకుడు బల్ల ముందు నిలబడతాడు. మధ్యలో జాబితా గానీ పంపిణీదారు గానీ లేరు. అదే 1994లో ఫ్లోరిడాలో మైక్ డయానా అనే చిత్రకారుడు స్వయంగా ప్రచురించిన చిన్న పత్రికకు అశ్లీలత నేరంపై శిక్షకు గురయ్యాడు. అతి తక్కువ ప్రతులు అచ్చయినంత మాత్రాన చట్టం దృష్టి నుంచి రక్షణ ఉండదని ఆ కేసు తెలియజేసింది. ఉత్సవం ద్వారా వచ్చిన ఆదాయాన్ని కామిక్స్ రచయితల న్యాయసహాయ నిధికి ఇవ్వడాన్ని ఈ కోణంలో అర్థం చేసుకోవాలి. స్వతంత్ర ముద్రణకు మార్కెట్ ఎంత ముఖ్యమో భావప్రకటన రక్షణ కూడా అంతే ముఖ్యం.

3. బల్ల ముందు పఠనం

ఉత్సవంలో పాఠకుడు వెతికే పద్ధతి దుకాణంలో వెతికే పద్ధతికి భిన్నం. దుకాణంలో పుస్తకాన్ని పేరు, ప్రచురణసంస్థ, అట్టమీది ప్రశంస సిఫారసు చేస్తాయి. ఉత్సవంలో తెలియని పేర్లే ఎక్కువ. జిరాక్సు కాగితాలను మధ్యకు మడిచి, రెండు పిన్నులు కొట్టి తయారుచేసిన పుస్తకాన్ని పాఠకుడు చేతిలోకి తీసుకుంటాడు. కాగితం మందం, రంగు, గీత ఒత్తిడి, చేతిరాత ముందుగా పలకరిస్తాయి. కథ ఆ తరువాత వస్తుంది. జెరార్ జెనెట్ పాఠం చుట్టూ ఉండే ముఖచిత్రం, ముందుమాట వంటి వాటిని ఉపపాఠాలుగా విశ్లేషించాడు. స్వతంత్ర కామిక్స్‌లో రచయిత ముఖాముఖి చెప్పే రెండు మాటలు కూడా ఆ ఉపపాఠంలో చేరతాయి.

దీనిలో లాభంతోపాటు చిక్కు కూడా ఉంది. ఎదురుగా రచయిత ఉన్నప్పుడు నాలుగు పేజీలు తిరగేసి పుస్తకాన్ని తిరిగి బల్లమీద పెట్టడం చాలామంది పాఠకులకు మొహమాటంగా ఉంటుంది. కొనుగోలు కొన్నిసార్లు అభిరుచి వల్ల కాక మర్యాద వల్ల జరుగుతుంది. అదే మొహమాటం విమర్శలోకి ప్రవేశించినప్పుడు పరిచయవాక్యాలే సమీక్షలుగా చలామణి అవుతాయి. చిన్న సమూహాల సాహిత్యానికి ఎక్కడైనా ఉండే ప్రమాదమిది.

ఉత్సవంలో మరొక వినిమయం కూడా జరుగుతుంది. రచయితలు డబ్బు తీసుకోకుండా ఒకరి పుస్తకం మరొకరికి ఇచ్చి పుచ్చుకుంటారు. ఈ మార్పిడిలో ప్రతి రచయితా మరొక రచయితకు తొలి పాఠకుడవుతాడు. ఒక ఊరిలో జరిగిన శిల్పప్రయోగం మరొక ఊరికి చేరే మార్గం కూడా ఇదే. అమ్మకపు లెక్కల్లో కనిపించని ఈ పంపకం ప్రభావచరిత్ర రాసేవారికి విలువైన ఆధారం.

4. కోమికెట్: విమర్శకుల చేతుల్లో పుట్టిన సంత

జపాన్‌లో స్వయంప్రచురణకు దీర్ఘచరిత్ర ఉంది. ఒకే అభిరుచి గలవారు కలిసి వెలువరించే పత్రికను అక్కడ దోజిన్షి అంటారు. 1885లో ఒజాకి కోయో మిత్రబృందం ప్రారంభించిన ‘గరకుత బున్కో’ తొలుత చేతిరాత ప్రతిగా చేతులు మారింది. అంటే దోజిన్షి మూలం కామిక్స్‌లో కాదు, సాహిత్య లఘుపత్రికలో ఉంది.

1975 డిసెంబరు 21న టోక్యోలో తొలి కోమికెట్ జరిగింది. పాల్గొన్న బృందాలు 32, వచ్చినవారు సుమారు 700 మంది. తరువాతి కాలంలో అది ఏటా రెండుసార్లు, లక్షల మందితో, వేల బృందాలతో జరిగే స్థాయికి పెరిగింది. ఈ పెరుగుదల తరచు ప్రస్తావనకు వస్తుంది. దాని పుట్టుక అంతగా ప్రస్తావనకు రాదు. అప్పటికే ఉన్న ఒక మాంగా సమావేశం, తనను విమర్శించిన వ్యక్తిని లోనికి రానివ్వలేదు. దానికి నిరసనగా ‘మెయిక్యూ’ అనే మాంగా విమర్శకుల బృందం సొంత వేదికను ఏర్పాటు చేసింది. ఆ బృందంలోని యొనెజావా యొషిహిరో 2006లో మరణించేవరకు దాని నిర్వహణలో కీలకవ్యక్తి. విమర్శించే హక్కును కాపాడుకోవడానికి పుట్టిన వేదిక సృజనకు అతిపెద్ద సంతగా మారింది. విమర్శ సృజనకు అనుబంధం మాత్రమేనన్న అభిప్రాయాన్ని ఈ చరిత్ర ప్రశ్నిస్తుంది.

కోమికెట్ నియమాల్లో కొనుగోలుదారు అనే మాటకు స్థానం లేదు. పుస్తకం తెచ్చినవారు, కొనడానికి వచ్చినవారు, నిర్వహణకు తోడ్పడేవారు అందరూ భాగస్వాములే. ఈ సూత్రం ఆదర్శప్రాయమైనదే. అయితే స్థలం కోరేవారి సంఖ్య స్థలానికి మించినప్పుడు లాటరీ తప్పలేదు. అందరికీ తెరచిన ద్వారం వద్ద కూడా చివరికి ఎవరో ఒకరు ఆగిపోవలసి వస్తుంది. అయితే లాటరీ రచన గుణదోషాలను నిర్ణయించదు. ఎంపికసంఘం నిర్ణయిస్తుంది. ఈ తేడా స్వల్పమైనది కాదు. ఎంపికసంఘం ఉన్నచోట నాణ్యత పెరగవచ్చు, ఒకే తరహా అభిరుచి స్థిరపడవచ్చు కూడా. లాటరీ ఉన్నచోట వైవిధ్యం మిగులుతుంది. వెతికే భారం మాత్రం పాఠకుడిపై పడుతుంది.

5. ఇటుక బహుమతి: విలువ నిర్ణయించేదెవరు?

స్మాల్ ప్రెస్ ఎక్స్‌పో 1997 నుంచి ఇగ్నాట్జ్ పురస్కారాలను ఇస్తోంది. జార్జ్ హెరిమన్ ‘క్రేజీ క్యాట్’ కామిక్‌లో పిల్లి మీదకు ఇటుక విసిరే ఎలుక పేరు ఇగ్నాట్జ్. ఆ ఇటుకను పిల్లి ప్రేమచిహ్నంగా భావిస్తుంది. అందుకే పురస్కారంగా ఇటుకనే ఇస్తారు. కామిక్స్ రచయితలైన ఐదుగురు న్యాయనిర్ణేతలు తుది జాబితాను రూపొందిస్తే, విజేతను ఉత్సవానికి వచ్చినవారు ఓటు ద్వారా నిర్ణయించే పద్ధతి ఈ పురస్కారం ప్రత్యేకత. పిన్నులు కొట్టిన మినీకామిక్‌కు ప్రత్యేక విభాగం ఉండడం మరొక విశేషం.

పియర్ బోర్డ్యూ సాంస్కృతిక ఉత్పత్తి రంగాన్ని వివరిస్తూ, పరిమిత ఉత్పత్తి క్షేత్రంలో గుర్తింపు తోటి సృజనకారుల నుంచే వస్తుందని చెప్పాడు. ఇగ్నాట్జ్‌లో తోటి రచయితల తీర్పు, పాఠకుల తీర్పు రెండూ కలుస్తాయి. కాబట్టి బోర్డ్యూ సూత్రం ఇక్కడ కొంత సవరణ కోరుతుంది. అయితే హాజరైన పాఠకులు మొత్తం పాఠకలోకం కారు. ప్రయాణఖర్చు, వసతిఖర్చు, సెలవు దొరికే ఉద్యోగం ఉన్నవారే అక్కడికి రాగలరు. బల్లకు అద్దె చెల్లించి, చిన్న చిన్న వెలలకు పుస్తకాలు అమ్మే రచయితకు ఖర్చులు తిరిగి రావడమే కష్టం. ఉత్సవం పంపిణీదారుడి గోడను తొలగించింది గాని ఆర్థిక దూరాన్ని తొలగించలేకపోయింది.

6. ఒక ఉదాహరణ: ‘కింగ్-క్యాట్’

జాన్ పోర్సెలీనో 1989లో ప్రారంభించిన ‘కింగ్-క్యాట్’ మినీకామిక్ ఈ చర్చకు మంచి నిదర్శనం. సన్నని గీత, నీడలు దాదాపుగా లేని చిత్రణ, ఖాళీగా వదిలిన ఆవరణ అతని శైలి. దినచర్య, కలలు, జంతువులు, పాఠకుల ఉత్తరాలు, ఇష్టమైనవాటి జాబితాలు ఒకే సంచికలో పక్కపక్కనే ఉంటాయి. జిరాక్సు యంత్రం మసకగీతలను నిలుపుకోలేదు. పోర్సెలీనో స్పష్టమైన సరళరేఖ ఆ యంత్రానికి చక్కగా సరిపోయింది. ఇక్కడ పరిమితమైన ముద్రణాసాధనం శైలికి లోపంగా కాక ఆధారంగా పనిచేసింది.

ఈ సంచికల సంకలనం 2007లో ‘కింగ్-క్యాట్ క్లాసిక్స్’గా పుస్తకరూపంలో వచ్చింది. దానివల్ల రచన గ్రంథాలయాలకు చేరింది, పరిశోధకులకు అందింది. అదే సమయంలో పఠనస్వభావం మారింది. నెలల ఎడంతో ఉత్తరంలా వచ్చే సంచిక ఒక పరిచయస్తుడి కబురువలె ఉంటుంది. గట్టి అట్టలో వరుసగా చదివినప్పుడు అదే ఆత్మకథ అవుతుంది. ఈ రెండూ ఒకే రచనకు రెండు స్థితులు. వీటిని సమానంగా భావించి విశ్లేషించడం పరిశోధనలో పొరపాటు అవుతుంది. పోర్సెలీనో 1990ల నుంచి ‘స్పిట్ అండ్ ఎ హాఫ్’ పేరుతో ఇతరుల చిన్న పుస్తకాలను కూడా పంపిణీ చేస్తూవచ్చాడు. ఈ రంగంలో రచయిత, పాఠకుడు, చేరవేసేవాడు ఒక్కరే కావడానికి అతడు ఉదాహరణ.

7. భద్రపరచడం: విమర్శకు పునాది

ఉత్సవం ముగిసిన తరువాత పుస్తకాలు ఇళ్లకు చెదిరిపోతాయి. భద్రపరిచే ఏర్పాటు లేకపోతే పదేళ్ల తరువాత వాటి ఉనికినే నిరూపించలేము. ఈ సమస్యను గుర్తించి 2011లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం స్మాల్ ప్రెస్ ఎక్స్‌పోతో కలిసి ప్రత్యేక సేకరణను ప్రారంభించింది. కోమికెట్‌లో ప్రతి బృందమూ తన పుస్తకపు నమూనా ప్రతిని నిర్వాహకులకు సమర్పించాలి. యొనెజావా సేకరణ ఆధారంగా మెయిజీ విశ్వవిద్యాలయంలో 2009లో స్మారక గ్రంథాలయం ఏర్పడింది. స్వతంత్ర కామిక్స్ విశ్వవిద్యాలయ అధ్యయనాంశంగా నిలవడానికి సిద్ధాంతాలకన్నా ముందు ఈ అలమారలు కావలసివచ్చాయి.

8. భారతీయ, తెలుగు సందర్భం

భారతదేశంలో ఒరిజిత్ సేన్ ‘రివర్ ఆఫ్ స్టోరీస్’ 1994లో కల్పవృక్ష్ సంస్థ ద్వారా వెలువడింది. నర్మదా ఉద్యమ నేపథ్యం గల ఈ రచనను తొలి భారతీయ గ్రాఫిక్ నవలగా తరచు పేర్కొంటారు. చాలాకాలం అలభ్యంగా ఉన్న ఈ పుస్తకాన్ని చెన్నైకి చెందిన బ్లాఫ్ట్ అనే చిన్న ప్రచురణసంస్థ 2022లో పునర్ముద్రించింది. మధ్యలోని ఆ విరామమంతా ఈ రచన పాఠకులకన్నా ప్రస్తావనలకే ఎక్కువగా పరిమితమైంది. జపాన్ దోజిన్షి సంస్కృతిపై డాక్యుమెంటరీ తీసిన భరత్ మూర్తి చొరవతో, పలు నగరాల్లో ఇండీ కామిక్స్ ఫెస్ట్ జరగడం కోమికెట్ ఆలోచన ఇక్కడ కూడా నాటుకున్నదనడానికి గుర్తు.

తెలుగులో బొమ్మలకథకు బుజ్జాయి, బాపు వంటివారు బలమైన పునాది వేశారు. అయితే వారికి వేదిక వారపత్రిక, మాసపత్రిక. పత్రికల్లో చోటు తగ్గడంతో బొమ్మలకథకు చోటు తగ్గింది. ‘పర్సెపొలిస్’ను హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులోకి తేవడం గ్రాఫిక్ రచనకు ఇక్కడ పాఠకులున్నారన్న నమ్మకాన్ని చూపుతుంది.

మరోవైపు, స్వయంప్రచురణ తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. కవులు సొంత ఖర్చుతో అచ్చువేసుకుని, తెలిసినవారికి పోస్టులో పంపడం సర్వసాధారణం. 1965లో దిగంబర కవుల తొలి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు ఆవిష్కరించడం, పుస్తకాన్ని పాఠకుడికి చేర్చే విధానం కూడా సాహిత్యప్రకటనే అని నిరూపించింది. కానీ తెలుగులో చిన్న పుస్తకానికి ప్రధాన వేదిక ఆవిష్కరణ సభ. సభలో వక్త పుస్తకం గురించి చెబుతాడు, శ్రోత వింటాడు. ఉత్సవంలో పాఠకుడు తానే పుటలు తిప్పి తేల్చుకుంటాడు. మొదటిదానిలో విలువ వేదికపై ప్రకటితమవుతుంది. రెండవదానిలో అది పాఠకుడి అన్వేషణలో రూపొందుతుంది. పుస్తక ప్రదర్శనల్లో రచయితల సొంత ప్రచురణలకు కొన్ని బల్లలు కేటాయిస్తే ఈ రెండవ మార్గం ఏర్పడడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు.

భద్రపరిచే విషయంలో తెలుగువారికి సొంత నమూనా ఉంది. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం, పత్రికల్లో చెదిరిన కథలను ఒకచోట చేర్చి తెలుగు కథాపరిశోధన దిశను మార్చింది. బొమ్మలకథకు, స్వతంత్ర చిత్రకథకు అటువంటి నిలయం అవసరం.

9. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, చిన్న ముద్రణ ఉత్సవం స్వతంత్ర కామిక్స్‌కు బాహ్యమైన వేదిక కాదు, వాటి రూపాన్నీ పఠనాన్నీ నిర్ణయించే అంతర్భాగం. రెండవది, ఉత్సవం పూర్తిగా స్వేచ్ఛాస్థలం కాదు. లాటరీ, ఎంపిక, అద్దె, ప్రయాణదూరం అక్కడ కొత్త హద్దులుగా నిలుస్తాయి. మూడవది, భద్రపరిచే ఏర్పాటు లేనిచోట విమర్శ కూడా నిలవదు.

కాబట్టి ఈ రంగంలో పనిచేసే పరిశోధకుడు రచన పేరు, సంవత్సరంతోపాటు ప్రతుల సంఖ్య, ముద్రణాసాధనం, అది చేతికందిన సందర్భం కూడా నమోదు చేయాలి. మినీకామిక్‌నూ దాని సంకలనరూపాన్నీ వేర్వేరు ఆధారాలుగా పరిగణించాలి. మెచ్చుకోలు మొహమాటాన్ని దాటి నిక్కచ్చిగా మాట్లాడాలి. చిన్న పుస్తకం పట్ల జాలి చూపడం దానిని గౌరవించడం కాదు. పెద్ద పుస్తకాన్ని చదివినంత శ్రద్ధగా చదివి, అంతే నిష్పక్షపాతంగా తీర్పు చెప్పడమే దానికి దక్కవలసిన గౌరవం.