01010110కు ప్రతిపదార్థం

చిప్ అనగానే అందరూ ప్రాసెసర్ వేగం గురించి అడుగుతారు. నా కన్ను మాత్రం దాని అంచుల మీదికి పోతుంది. లోపలి సున్నితమైన లాజిక్‌కూ, బయట తీగలూ మీటలూ మోటార్లూ ఉన్న మొరటు లోకానికీ నడుమ గడపలా నిలబడేవి అక్కడి ప్యాడ్‌లే.

రాస్ప్‌బెర్రీ పై సంస్థ 2021 జనవరిలో నాలుగు డాలర్ల పికో బోర్డు మీద తెచ్చిన ఆర్‌పీ2040 చిప్‌నే చూడండి. ఏడు మిల్లీమీటర్ల చదరం, 56 కాళ్లు. వాటిలో 30 మనం కోరినట్టు మలచుకునేవి. ఇవాళ ఎల్‌ఈడీ వెలిగించిన కాలే రేపు మీట నొక్కారో లేదో వింటుంది, ఎల్లుండి సెన్సర్‌తో మాట్లాడుతుంది. ఏ వేషంలో ఉన్నా కాలి విద్యుత్ స్వభావాన్ని నిర్ణయించేవి ఒక్కో కాలికి ఎనిమిదే బిట్లు. రీసెట్ అయిన క్షణాన అవి 01010110 అని ఉంటాయి. ఎవరో బాగా ఆలోచించి కూర్చిన వరుస ఇది. పద్యానికి చెప్పుకున్నట్టు దీనికీ ప్రతిపదార్థం చెప్పుకోవాలి.

మొదటి సున్నా అవుట్‌పుట్‌ను మూసే బిట్. అది 1 అయితే లోపలి నుంచి ఏ పరికరం ఏం చెప్పినా కాలు పలకదు.

తర్వాతి 1 ఇన్‌పుట్ తెరిచి ఉందని చెబుతుంది. ఇన్‌పుట్ దగ్గర పైన ఒక పీమాస్, కింద ఒక ఎన్‌మాస్ ట్రాన్సిస్టర్ ఉంటాయి. కాలి మీద పూర్తి సున్నా గానీ పూర్తి ఒకటి గానీ ఉంటే రెండింట్లో ఒకటి మూసుకుని ఉంటుంది. వోల్టేజీ మధ్యలో వేలాడితే రెండూ సగం సగం తెరుచుకుంటాయి. సరిగా కట్టని కుళాయిలా కరెంటు ఊరికే కారిపోతుంది. అందుకే ఉష్ణోగ్రత లాంటి అనలాగ్ కొలత తీసే కాళ్లకు ఈ బిట్‌ను 0 చేయాలి. బ్యాటరీతో నడిచే పరికరం చేసేవాళ్లు ఈ ఒక్క బిట్‌ను మరిచిపోకూడదు.

ఆ పైన 01 అన్న జంట. ఇది అవుట్‌పుట్ బలం: 2, 4, 8, 12 మిల్లీఆంపియర్లలో రెండోది. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఇది కరెంటుకు వేసిన పరిమితి కాదు. ఆ మేరకు కరెంటు లాగినా వోల్టేజీ చెప్పిన హద్దులో నిలుస్తుందన్న మాట మాత్రమే. ఇలాంటి ప్యాడ్‌లలో చివరి ట్రాన్సిస్టర్‌ను ఒకే ముద్దగా గీయరు. వేళ్లలా చీల్చి, కావలసినన్ని వేళ్లనే పనిలోకి దించుతారు.

ఆ వేళ్లను కదిలించడంలో ఇంకో చిక్కుంది. లోపలి లాజిక్ నడిచేది 1.1 వోల్టులతో, బయటి కాలు 1.8 నుంచి 3.3 వోల్టుల దాకా. 3.3 వోల్టుల మీద కూర్చున్న పీమాస్‌ను 1.1 వోల్టుల సంకేతం మూయలేదు. అందుకు లెవెల్ షిఫ్టర్ కావాలి. దాని సంప్రదాయ రూపంలో రెండు పీమాస్‌లు ఒకదాని గేటును మరొకటి పట్టుకుని నిలబడతాయి. ఒకటి తెరుచుకుంటే రెండోది పూర్తిగా మూసుకుంటుంది. తిరగబడే లిప్తపాటులో తప్ప అది కరెంటు తాగదు. చిన్న సర్క్యూటే, కానీ ఎన్నిసార్లు గీసి చూసినా నాకు ముచ్చటేస్తుంది.

వోల్టేజీ ఎంచుకునే వీలు ఎంత విలువైనదో లెక్కే చెబుతుంది. 10 పికోఫారాడ్ల తీగను 3.3 వోల్టులకు ఎత్తి దించితే ప్రతిసారీ సుమారు 109 పికోజౌళ్ల ఖర్చు. 1.8 వోల్టులకైతే 32. వోల్టేజీ వర్గంతో ఖర్చు పెరుగుతుంది కాబట్టి, తగ్గించినప్పుడు ఆదా కూడా అంతే వేగంగా వస్తుంది.

తర్వాతి 0, 1 పుల్‌అప్, పుల్‌డౌన్. పుల్‌డౌన్ పనిలో ఉంది కాబట్టి ఏమీ తగిలించని కాలు గాలిలో తేలకుండా నేలకు దిగి ఉంటుంది. ఆ నిరోధం 50 నుంచి 80 కిలోఓమ్‌లు. మీట నొక్కి 3.3 వోల్టులు తగిలించినా కారేది 66 మైక్రోఆంపియర్లకు మించదు. రెండు బిట్లూ 1 చేస్తే ఇంకా చక్కటి పని జరుగుతుంది: కాలు చివరగా ఏ స్థితిలో ఉందో ఆ స్థితినే పట్టుకుని ఉంటుంది. అర్థం లేదనిపించే జంటకు కూడా ఒక పని అప్పగించారు.

ఏడో బిట్ ష్మిట్ ట్రిగ్గర్. ఎక్కేటప్పుడు ఒక గీత, దిగేటప్పుడు అంతకంటే కింద మరో గీత. నడుమ ఊగే గోలను అది పట్టించుకోదు. అమెరికాలో ఆటో ష్మిట్ 1934లో విద్యార్థిగా ఉండగా, స్క్విడ్ అనే సముద్రజీవి నాడుల్లో సంకేతం పాకే తీరును పరిశీలిస్తూ దీన్ని కనిపెట్టాడు.

చివరి సున్నా సంకేతపు అంచుల వేగం. నెమ్మదే మొదటి ఎంపిక. పది కాళ్లు ఒక్కసారిగా ఎగిరితే గ్రౌండ్ తీగే కుదుపుకు లోనవుతుంది, పక్క కాళ్లు అబద్ధాలు వింటాయి. అవసరం లేనిచోట వేగం ఇవ్వకపోవడమే ఇక్కడి నేర్పు.

ఇది ఎంత సున్నితమైన పనో దీని తమ్ముడు ఆర్‌పీ2350 చూపించింది. 2024లో వచ్చిన ఆ చిప్ తొలి రూపంలో, ఇన్‌పుట్ తెరిచి ఉన్న కాలు పుల్‌డౌన్ లాగినా నేలకు దిగక 2.2 వోల్టుల దగ్గర ఆగిపోయేది. సంస్థ లోపాన్ని ఒప్పుకుని డేటాషీట్‌లోనే రాసింది, 8.2 కిలోఓమ్‌లు లేదా అంతకంటే తక్కువ నిరోధాన్ని బయట పెట్టుకోమని చెప్పింది, తర్వాతి రూపంలో సరిచేసింది.

ఆ చిప్‌లో బిట్లు తొమ్మిది. లోపలి కరెంటు కట్టేసినా కాలు తన స్థితిని వదలకుండా పట్టుకునే బిట్ ముందు చేరింది. రీసెట్ విలువ 100010110. ఎడమ నుంచి మూడోది చూడండి: అన్నలో తెరిచి ఉన్న ఇన్‌పుట్ తమ్ముడిలో మూసి ఉంది.