పాత పేజీ ఎవరు తీస్తారు?

హైదరాబాద్ అశోక్‌నగర్ సందుల్లో ఏ జిరాక్స్ షాపు ముందు నిలబడినా దేశంలోని చట్టాలన్నీ స్పైరల్ బైండింగులో కనిపిస్తాయి. పాలిటీ ఒక రంగు అట్ట, ఎకానమీ ఇంకో రంగు, కరెంట్ అఫైర్స్‌కి నెలకో రంగు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే బ్యాగు పెట్టి సీటు ఆపుకున్న పోటీ పరీక్షల పిల్లలు టీకని బయటికొచ్చి వాటిని తిరగేస్తుంటారు. మొన్న నేను పెన్షన్ కాగితాలు జిరాక్స్ తీయించుకుంటుంటే పక్కనున్న కుర్రాడు అడిగాడు. "సార్, మీరు విమానాల కాడ పనిచేసిన్రంట గదా. ఈ ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం 1934దా, 2024దా? ఒక స్పైరల్ల ఒకటున్నది, ఇంకోదాంట్ల ఇంకోటున్నది."

2024దే. పేరు భారతీయ వాయుయాన్ అధినియమ్. పార్లమెంటులో పెట్టింది మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు, అమల్లోకి వచ్చింది 2025 జనవరి 1న. 1934 చట్టం రద్దయింది గానీ దాని కింద రాసిన 1937 నాటి రూల్స్ మాత్రం, కొత్తవి వచ్చేదాకా చెల్లుతాయని ఆ కొత్త చట్టంలోనే రాసుకున్నారు. ఇదంతా చెప్తే ఆ అబ్బాయి మొహం ఇంకా గందరగోళంగా పెట్టాడు. షాపు యజమానికి ఏ గందరగోళమూ లేదు. ఆయన దగ్గర రెండు స్పైరల్సూ అమ్ముడుపోతున్నాయి.

ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను పోట్లాడింది సరిగ్గా ఆ పాత స్పైరల్‌తోనే. విమానాల దగ్గర పనిచేశానంటే పైలటా, ఇంజినీరా అని అడుగుతారు. రెండూ కాదు. బేగంపేటలో ఒక హ్యాంగర్‌కి ఆనుకుని ఉన్న టెక్నికల్ లైబ్రరీలో మాన్యువల్స్‌లో పేజీలు మార్చేవాణ్ణి. పెళ్లిచూపుల్లో ఈ మాట చెబితే మా మామగారు కాసేపు మౌనంగా ఉండిపోయారు.

అప్పట్లో మాన్యువల్స్ లావుపాటి రింగు ఫైళ్లలో ఉండేవి. విమానం తయారుచేసిన కంపెనీ నుంచో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నుంచో కవరు వస్తే, పైనే ఒక షీటు ఉండేది: ఏ పేజీలు తీసేయాలి, ఏవి పెట్టాలి. మారిన వాక్యం పక్కన మార్జిన్‌లో నిలువుగా నల్లగీత. తొందర పనైతే పసుపు కాగితం మీద వచ్చేది, దాన్ని టెంపరరీ రివిజన్ అనేవాళ్లం. అన్నీ పెట్టాక, చెల్లుబాటయ్యే పేజీల జాబితా ముందేసుకుని ఒక్కో పేజీ అడుగున తేదీ సరిచూసి, రికార్డు షీటులో సంతకం చేయాలి. మధ్యమధ్యలో 'ఈ పేజీ కావాలనే ఖాళీగా వదిలాం' అని అచ్చేసిన కాగితాలు వచ్చేవి. వాటికీ తేదీ చూడాలి, వాటినీ పెట్టాలి. కొత్తగా చేరినవాళ్లు దానికి పకపకా నవ్వేవారు. ఆ ఖాళీ కాగితం లేకపోతే, రాత్రి రెండింటికి ఫైలు తెరిచిన మెకానిక్‌కి ఇక్కడ ఏదో పేజీ ఎగిరిపోయిందని అనుమానం వస్తుంది. ఆ అనుమానంతో ఆయన నన్ను ఇంటి దగ్గర నిద్రలేపేవాడు.

నాకు పని నేర్పిన పెద్దాయన ఒక క్రమం పెట్టాడు. ముందు పాతది తియ్యి, చింపు, ఆ తర్వాతే కొత్తది ముట్టుకో. నేను కొత్తవి ముందు పెడతానంటే ఒప్పుకునేవాడు కాదు. ఆయన లెక్క ఇదీ: మధ్యలో ఫోనొచ్చి నువ్వు లేచి వెళ్లావనుకో, పేజీ లేకపోతే మనిషి వచ్చి అడుగుతాడు. రెండూ ఉంటే అడగడు, ఏది తెరుచుకుంటే అది చదివి బోల్టు బిగించేస్తాడు. ఇంట్లో కొత్త పంచాంగం ఉండగా, గూట్లో మిగిలిన పోయినేటి దాంట్లో ముహూర్తం చూసినట్టే. ఇప్పుడు అన్నీ ట్యాబుల్లోకి వెళ్లిపోయాయి, పాత పేజీ దానంతటదే మాయమవుతుందని అంటారు. నిజమే. అయినా 'ప్రింటు తీస్తే ఈ కాపీకి పూచీ లేదు' అని అడుగున రాసున్న పేజీనే ప్రింటు తీసి, మడిచి జేబులో పెట్టుకునే చేతులు ఎక్కడికీ పోలేదు.

డీజీసీఏ కవర్లలోని నియమాలు మొదలయ్యేది కెనడాలోని మాంట్రియల్‌లో. 1944 డిసెంబరు 7న షికాగోలో 52 దేశాలు ఒక ఒడంబడికపై సంతకాలు చేశాయి. అప్పటికింకా బ్రిటిష్ పాలనలో ఉన్న భారతదేశమూ చేసింది. దానిలోంచి పుట్టి, మాంట్రియల్ కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐసీఏవోలో ఇప్పుడు 193 దేశాలున్నాయి. ఒడంబడికకు 19 అనుబంధాలు. లైసెన్సులు మొదటిదాంట్లో, విమానాలు నడపడం ఆరులో, విమానం ఎగరడానికి తగినట్టుందా అన్నది ఎనిమిదిలో, ప్రమాదాల దర్యాప్తు పదమూడులో. 36 దేశాల కౌన్సిల్ మూడింట రెండు వంతుల ఓటుతో ఒక ప్రమాణాన్ని ఆమోదిస్తుంది. చాలామందికి తెలియనిది ఏమిటంటే, అలా ఆమోదించిన ప్రమాణానికి బేగంపేటలోనో షంషాబాద్‌లోనో నేరుగా ఏ బలమూ లేదు. ఐసీఏవో ఎవరికీ జరిమానా వేయలేదు, ఒక్క విమానాన్నీ ఆపలేదు. అది దేశాలకు చెబుతుంది. దేశం దాన్ని తన చట్టంలో రాసుకోవాలి. మనకు ఆ పని ఢిల్లీలో సఫ్దర్‌జంగ్ విమానాశ్రయం ఎదురుగా ఉన్న డీజీసీఏది, అక్కడ వాటిని సీఏఆర్‌లు అంటారు. ఆ సీఏఆర్ చూసి విమాన సంస్థ తన ఆపరేషన్స్ మాన్యువల్ మార్చుకుని డీజీసీఏకి చూపించాలి. అక్కడి నుంచి పైలట్ రోస్టరు, మెకానిక్ జాబ్ కార్డు. మాంట్రియల్లో చేయెత్తిన ఓటు ఇన్ని బల్లలు దాటి స్పానర్ దాకా రావాలి.

ఈ ఒడంబడికలో నాకు ఎప్పుడు చదివినా ముచ్చటేసేది ఆర్టికల్ 38. ప్రమాణం మారినప్పుడు ఏ దేశమైనా తన నియమాలను దానికి తగ్గట్టు మార్చుకోలేకపోతే, మార్చుకోకూడదనుకున్నా సరే, 60 రోజుల్లో ఆ మాట చెప్పాలి. శిక్షేమీ లేదు, చెప్పాలంతే. మన దేశం చెప్పిన తేడాలు కూడా అందరికీ అందుబాటులో ఉండే విమానయాన సమాచార గ్రంథంలో జెన్ 1.7 అనే భాగంలో ఉంటాయి. మా ఫలానా నియమం మీ ప్రమాణంలా లేదు, వచ్చేవాళ్లు చూసుకుని రండి అని ఒక ప్రభుత్వం తనంతట తాను అచ్చేసి చెప్పడం మరే రంగంలోనైనా ఉందేమో, నాకైతే కనబడలేదు.

కాగితం పైనుంచి కిందికే కాదు, కిందినుంచి పైకీ వెళుతుంది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ, కజకిస్థాన్ విమానాలు గాల్లో ఢీకొని 349 మంది పోయారు. ఆ తర్వాత, ఎదురొచ్చే విమానాన్ని పసిగట్టి పైలట్‌ను హెచ్చరించే పరికరాన్ని ఐసీఏవో పెట్టిన 2003 గడువు కంటే ముందే మనదేశం తప్పనిసరి చేసింది. ఇక 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలినప్పుడు అందరూ ఎదురుచూసిన ప్రాథమిక నివేదిక జులై 12న వచ్చింది. ఆ 30 రోజుల లెక్క ఢిల్లీలో ఎవరికో తోచింది కాదు, పదమూడో అనుబంధంలో ఉన్నదే.

దేశాలు నిజంగా రాసుకున్నాయా, రాసుకున్నది అమలు చేస్తున్నాయా అని చూడ్డానికి ఐసీఏవో తనిఖీలున్నాయి. అమెరికా ఎఫ్‌ఏఏ కూడా అవే ప్రమాణాలతో ఇతర దేశాల నియంత్రణ సంస్థలను తూకం వేస్తుంది. 2014 జనవరి 31న అది మనల్ని రెండో కేటగిరీకి దించింది. మన సంస్థలు అమెరికాకు కొత్త సర్వీసులు వేయడానికి వీల్లేకుండా పోయింది. మన దగ్గర లేనిది నియమాలు కాదు, వాటి అమలు చూసే పూర్తికాలపు ఫ్లైట్ ఆపరేషన్స్ ఇన్‌స్పెక్టర్లు. ఆ దించుడుకు పదిరోజుల ముందే ప్రభుత్వం 75 పోస్టులు మంజూరు చేసింది. విజయనగరం అశోక్ గజపతి రాజు మంత్రిగా ఉండగా 2015 ఏప్రిల్‌లో మళ్లీ మొదటి కేటగిరీ దక్కింది. 2022 ఐసీఏవో తనిఖీలో మన అమలు శాతం 69.95 నుంచి 85.65కి పెరిగింది. ఆ అంకె పేపర్లలో బాగా మోగింది. నేనూ సంతోషించాను. కాకపోతే ఆ శాతం దేశం బల్ల మీది సంగతి, ఆ కిందున్న బల్లల సంగతి వేరుగా చూడాలి.

కింది బల్లల సంగతి 2025లో, నవంబరు ఆఖరి వారం, డిసెంబరు మొదటి వారం పక్కపక్కన పెట్టి చూస్తే బయటపడుతుంది. నాకు తెలిసి ఇంత మంచి పాఠం మన విమానయానంలో మళ్లీ దొరకదు.

అక్టోబరు 30న కాంకూన్ నుంచి నెవార్క్ వెళ్తున్న జెట్‌బ్లూ ఎ320 ఒకటి ఉన్నట్టుండి కిందికి జారింది, కొందరు గాయపడ్డారు. తీవ్రమైన సౌర వికిరణం వల్ల ఎలాక్ అనే కంప్యూటర్‌లో డేటా చెడిపోయే వీలుందని ఎయిర్‌బస్ తేల్చింది. నవంబరు 28న హెచ్చరిక ఇచ్చింది. అదేరోజు ఐరోపా నియంత్రణ సంస్థ ఈసా అత్యవసర ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్, అంటే మా భాషలో ఏడీ, జారీ చేసింది. ప్రపంచంలో దాదాపు 6,000 విమానాలు, మనదేశంలో 338. విమానాన్ని డిజైన్ చేసిన దేశం ఏడీ ఇస్తే దాన్ని నమోదు చేసుకున్న దేశం అందుకుని అమలు చేయించాలన్నది ఎనిమిదో అనుబంధం పద్ధతి. డీజీసీఏ వెంటనే అందుకుంది. రెండు మూడు రోజుల్లో మనవన్నీ దాదాపు పూర్తయ్యాయి. చాలా విమానాలకు చేసిన పని కొత్త సాఫ్ట్‌వేర్ తీసేసి అంతకుముందు వెర్షన్ ఎక్కించడం. పాతది తిరిగి పెట్టించిన రివిజన్ కూడా ఉంటుందని మా పెద్దాయనకు చెబితే ఏమనేవాడో!

ఆ పని ముగిసి వారం తిరక్కుండానే అదే ఎ320లు విమానాశ్రయాల్లో వరసగా నిలబడిపోయాయి. ఈసారి కారణం పైలట్ల విశ్రాంతి. విమాన సిబ్బంది అలసటపై శాస్త్రీయ ప్రాతిపదికన దేశాలు నియమాలు రాసుకోవాలని ఆరో అనుబంధం చెబుతుంది, ఇన్ని గంటలని అంకె వేయదు. అంకెలు డీజీసీఏ 2024 జనవరిలో వేసింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి, రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి ఐదు కాదు ఆరు వరకు, రాత్రి డ్యూటీలో ఆరు ల్యాండింగుల బదులు రెండు. 2024 జూన్ 1 నుంచి అన్నారు. సంస్థలు కుదరదన్నాయి, వాయిదా పడింది. పైలట్ల వైపు నుంచి వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. చివరికి 2025 జులై 1న కొంత, నవంబరు 1న మిగతాది అమల్లోకి వచ్చింది. డిసెంబరు మొదటి వారంలో ఇండిగో సర్వీసులు వేలల్లో రద్దయ్యాయి, 5వ తేదీ ఒక్కరోజే వెయ్యికి పైగా. అదేరోజు డీజీసీఏ ఆ సంస్థకు రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది.

కంప్యూటర్‌కి సంబంధించిన నియమం ఈసా ఆఫీసున్న కొలోన్ నుంచి ఢిల్లీ మీదుగా హ్యాంగర్‌కి చేరడానికి రెండు రాత్రులు పట్టింది. నిద్రకు సంబంధించిన నియమం దాదాపు రెండేళ్లు ప్రయాణించి గడప దగ్గర బోర్లా పడింది. సాఫ్ట్‌వేర్ మార్చకపోతే విమానం కదలదు, కాబట్టి మారుతుంది. అలసిన పైలట్‌తో విమానం కదులుతుంది, చాలాసార్లు క్షేమంగానే దిగుతుంది. అందుకని ఆ పేజీ వాయిదా పడుతుంది. ఇండిగో నియమాన్ని ఎదిరించిందని నేను అనను, మాన్యువల్లో కొత్త పేజీ పెట్టే ఉంటారు. షెడ్యూలూ పైలట్ల సంఖ్యా మాత్రం పాత పేజీ లెక్కలోనే నడిచాయి. నా దృష్టిలో జరిగింది అదే. దాన్ని సిబ్బంది ప్లానింగ్ లోపం అని తేలిగ్గా పిలవడం నాకు మింగుడుపడదు. రెండు పేజీలూ ఒకే ఫైలులో ఉన్నాయి, చూడాల్సినవాళ్లు చూడలేదు.

డీజీసీఏనూ వదలడానికి లేదు. శీతాకాలం షెడ్యూలు అక్టోబరు చివర్లో మొదలవుతుంది, దాన్ని ఆమోదించేది డీజీసీఏనే. కొత్త విశ్రాంతి నియమాలు మొదలయ్యేది నవంబరు 1న, అవి రాసిందీ డీజీసీఏనే. ఆ రెండు కాగితాలూ ఒకే ఆఫీసులో ఉన్నాయి. ఇన్ని సర్వీసులకు కొత్త లెక్కలో ఇంతమంది పైలట్లు కావాలి, మీ దగ్గర ఉన్నారా అని అడగడానికి కూడికలు తీసివేతలు వస్తే చాలు. అశోక్‌నగర్ కుర్రాళ్లు ఇంతకంటే కష్టమైన లెక్కలు నిమిషానికొకటి చేస్తారు.

దేశాలకున్న ఆర్టికల్ 38 లాంటిది విమాన సంస్థలకు ఎందుకు లేదన్నది నాకు అర్థం కాని విషయం. గడువుకు 60 రోజుల ముందు ప్రతి సంస్థా డీజీసీఏకి ఒక కాగితం ఇవ్వాలి: కొత్త నియమం ప్రకారం ఇన్ని సర్వీసులు నడపగలం, ఇన్ని నడపలేం. దాన్ని డీజీసీఏ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి, టికెట్ కొనేవాడు చూసుకుంటాడు. నడపలేం అని ముందే చెప్పినందుకు శిక్ష ఉండకూడదు, చెప్పకుండా దాచినందుకే ఉండాలి. డిసెంబరు రెండో వారంలో ప్రభుత్వం ఇండిగో షెడ్యూలులో 10 శాతం కోత పెట్టింది. ఆ కోత అక్టోబరులోనే పెట్టి ఉంటే ఆ సర్వీసులకు ఆ తర్వాత టికెట్లే అమ్మేవారు కాదు.