కత్తెర పట్టినాయన చూపు

పోయిన ఆదివారం మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని సెలూన్‌కి వెళ్లాను. అక్కడ కత్తెర పట్టేది ఒక పెద్దాయన. మావాడికి 26 ఏళ్లు, రోజంతా కంప్యూటర్ ముందు ఉద్యోగం. ఆరు నెలలుగా దువ్వెన నిండా జుట్టే. ప్రకటన చూసి ఒక నూనె తెప్పించుకున్నాడు. సీసా ధర విని నాకు ఒళ్లు మండింది.

పెద్దాయన మెడకు గుడ్డ చుట్టబోయి ఆగాడు. వెనక జుట్టు పైకెత్తి చూశాడు. "సార్, జుట్టు సంగతి తర్వాత. బాబు మెడ చూడండి. ఇది మట్టి కాదు, ఎంత రుద్దినా పోదు. ఒకసారి షుగర్ చూపించండి" అన్నాడు.

చూపించాం. హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చింది. 5.7 నుంచి హెచ్చరిక మొదలు, 6.5కి చేరితే షుగరే. మెడ మడతల్లో మఖమల్ గుడ్డలా మందంగా కనిపించే ఆ నలుపు, ఒంట్లో ఇన్సులిన్ ఉండీ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తట.

చేతిపనిలో సగం చూపే. పల్లెల్లో క్షౌరవృత్తి చేసేవాళ్లే నాటువైద్యం చేసేవారు, ఆ ఇళ్ల ఆడవాళ్లు పురుళ్లు పోసేవారు. నెలనెలా అదే తలను చేతుల్లోకి తీసుకునే మనిషికి తేడా ఇట్టే తెలుస్తుంది.

"మరి నా జుట్టు షుగర్ వల్లే ఊడుతోందా మామయ్యా?" అని అడిగాడు వాడు. అవునని రాద్దామనే కూర్చున్నాను. షుగర్ అదుపు తప్పితే జుట్టు రాలడం నిజమే. టైఫాయిడ్ తగ్గిన రెండు మూడు నెలలకు రాలినట్టే, ఒంటికి తగిలిన దెబ్బ నెత్తిమీద ఆలస్యంగా బయటపడుతుంది. చిన్న వయసులో వచ్చే టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లలో పేనుకొరుకుడు కూడా కాస్త ఎక్కువ. కానీ థైరాయిడ్ తేడా చేసినా, ఒంట్లో ఇనుము తగ్గినా, వంశంలో బట్టతల ఉన్నా ఊడేది ఆ జుట్టే. దువ్వెన చూసి షుగర్ అని తేల్చలేం. పెద్దాయన కూడా జుట్టు చూసి చెప్పలేదు, మెడ చూసి చెప్పాడు.

రాస్తుంటే నాన్న కాళ్లు గుర్తొచ్చాయి.

నాన్నకు 20 ఏళ్లు షుగర్. తల పల్చబడుతోందని అమ్మ మందారాకు, మెంతులు నూరి పట్టించేది. అదే రోజుల్లో ఆయన మోకాళ్ల కింద వెంట్రుకలన్నీ పోయి చర్మం నిగనిగలాడేది. "ఈ వయసులో నాన్న కాళ్లు ఎంత నున్నగా ఉన్నాయో" అని అక్క మురిసిపోయేది. పాదాలు ముట్టుకుంటే చల్లగా తగిలేవి. చలికాలం కదా అనుకున్నాం. నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేసేవి. వయసనుకున్నాం. రక్తనాళాలు పూడుకుపోయి కాళ్లకు రక్తం అందకపోతే అక్కడ వెంట్రుకలు నిలవవని మాకు తెలిసింది, ఆయన బొటనవేలు తీసేశాక. ఇంట్లో అయిదుగురం. అందరం ఆయన తలే చూశాం.

మావాడు బుధవారం నుంచి పొద్దున్నే నడుస్తున్నాడు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష. మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే ఈ రాత్రి పక్కన కూర్చుని వాళ్ల కాళ్లు చూడండి. వెంట్రుకలు పోయి, నున్నగా, చల్లగా ఉంటే తెల్లారగానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.