గీత దగ్గర పనితనం

2019 మే 12. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ ఫైనల్. ముంబయి చేసినవి 149 పరుగులు. చెన్నై ఇన్నింగ్స్ పదమూడో ఓవర్లో ఓవర్‌త్రో పడింది. రెండో పరుగు కోసం ధోనీ వెనక్కి తిరిగాడు. ఇషాన్ కిషన్ విసిరిన బంతి నేరుగా వికెట్లను తాకింది. మైదానంలో అంపైర్లు తేల్చలేదు, పైకి పంపారు. టీవీ అంపైర్ నైజెల్ లాంగ్‌కు ఒక కోణంలో బ్యాటు గీత దాటినట్టు కనిపించింది, ఇంకో కోణంలో దాటనట్టు. బొమ్మను ముందుకీ వెనక్కీ జరిపి చాలాసేపు చూసి ఔటన్నాడు. చెన్నై ఒక్క పరుగు తేడాతో ఓడింది. అది ఔటా, నాటౌటా అన్న వాదన ధోనీ అభిమానుల దగ్గర ఇంకా తెగలేదు.

వాదించేవాళ్లు తీర్పు గురించి మాట్లాడతారు గానీ, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి పనితనం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. బంతికీ బంతికీ మధ్య ఆగే క్రికెట్లోనే అంత కష్టమైతే, ఆగకుండా సాగే ఫుట్‌బాల్‌లో చెప్పాలా? అక్కడ ఈ పని చేసేది వీఏఆర్, అంటే వీడియో అసిస్టెంట్ రెఫరీ. ఆట నియమాలు రాసే ఐఎఫ్ఏబీ 2018 మార్చిలో ఈ పద్ధతిని ఆమోదించింది. అదే ఏడాది రష్యా ప్రపంచకప్‌లో వాడారు. అప్పట్లో కల్పించుకోవలసినవి నాలుగే నాలుగు: గోల్, పెనాల్టీ, నేరుగా చూపిన రెడ్ కార్డు, ఒకరికి చూపాల్సిన కార్డు మరొకరికి చూపడం. అందులోనూ రెఫరీ స్పష్టంగా పొరబడితేనే.

ఈ పనిలో మొదటి మెళకువ కోణం. గీతకు సరిగ్గా ఎదురుగా లేని కెమెరా అబద్ధం చెబుతుంది. ఉప్పల్‌లో రెండు కోణాలు రెండు మాటలు చెప్పింది అందుకే. దీనికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ 2022 డిసెంబర్ 1న ఖతార్ ప్రపంచకప్‌లో జరిగిన జపాన్, స్పెయిన్ మ్యాచ్. బంతి గోల్ లైన్ దాటిపోతుండగా జపాన్ ఆటగాడు మితోమా దాన్ని లోపలికి తిప్పాడు, తోటి ఆటగాడు తనాకా గోల్ కొట్టాడు. మైదానంలో గోల్ ఇవ్వలేదు. టీవీలో చూసినవాళ్లకు బంతికీ గీతకూ మధ్య పచ్చగడ్డి స్పష్టంగా కనిపించింది. అయినా వీఏఆర్ గోల్ ఇచ్చింది.

నియమం ప్రకారం బంతి మొత్తం గీత మొత్తాన్ని దాటితేనే బయటికి పోయినట్టు. బంతి అడ్డం దాదాపు 22 సెంటీమీటర్లు. నేలను తాకేది దాని నడుము కింద ఉన్న చిన్న చోటు మాత్రమే. ఆ చోటు గీతకు పది సెంటీమీటర్లు అవతల ఉన్నా, బంతి పొట్ట అంచు ఇంట్లోంచి బయటికి వాలిన చూరులా గీత మీద వాలే ఉంటుంది. పక్కనుంచి చూస్తే ఇది తెలియదు, నిట్టనిలువుగా పైనుంచి చూడాలి. అలా పైనుంచి తీసిన ఫొటో బయటికి వచ్చాకగానీ చాలామంది నమ్మలేదు. ఆ గోల్‌తో జపాన్ 2-1తో గెలిచింది, అదే గ్రూపులోని జర్మనీ ఇంటికి పోయింది.

రెండో మెళకువ క్షణం. ఆఫ్‌సైడ్, అంటే పాస్ ఇచ్చే వేళకి దాడి చేసేవాడు కాపలావాళ్లను దాటి ముందున్నాడా అన్నది, తేల్చాలంటే ముందు పాస్ ఇచ్చినవాడి కాలు బంతిని ఎప్పుడు తాకిందో పట్టుకోవాలి. బంతి కాలిని వదిలిన క్షణం కాదు, మొట్టమొదట తాకిన క్షణం. మామూలు ప్రసార కెమెరా సెకనుకు 50 బొమ్మలు తీస్తుంది. సెకనుకు ఎనిమిది మీటర్లు పరిగెత్తే ఆటగాడు ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య 16 సెంటీమీటర్లు జరిగిపోతాడు. ఒక్క బొమ్మ అటూ ఇటూ అయితే గోల్ కాస్తా ఆఫ్‌సైడ్ అవుతుంది. రనౌట్‌లోనూ ఇదే చిక్కు. ఎల్ఈడీ బెయిల్స్ ఉన్నచోట లైటు వెలిగిన మొదటి బొమ్మే లెక్క, కాకపోతే ఆ తర్వాత బెయిల్ నిజంగా పడిపోయి ఉండాలి. ఆ ఒక్క బొమ్మలో బ్యాటు ఎక్కడుందో చూడాలి. గీత మీద ఉంటే చాలదు, లోపల ఉండాలి.

ఈ చిక్కును ఖతార్‌లో యంత్రాలతో బాగా తగ్గించారు. స్టేడియం కప్పు కింద 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 చోట్లను సెకనుకు 50 సార్లు గుర్తించాయి. బంతిలో పెట్టిన సెన్సర్ సెకనుకు 500 సార్లు కబురు పంపింది. ఆ లెక్కన 16 సెంటీమీటర్ల సందేహంలో తాకిన క్షణానికి సంబంధించిన భాగం సెంటీమీటరున్నరకు దిగుతుంది. ఆరంభ మ్యాచ్‌లో మూడో నిమిషంలోనే ఈక్వెడార్ ఆటగాడు ఎన్నర్ వలెన్సియా కొట్టిన గోల్ ఈ లెక్కతోనే పోయింది. అప్పుడు కూడా యంత్రం చూపిన క్షణాన్నీ గీతనూ వీఏఆర్ గదిలోని రెఫరీ తన కళ్లతో సరిచూశాకే మైదానంలోకి మాట వెళ్లింది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఇంకో దారి పట్టింది. 2021-22 సీజన్ నుంచి తెర మీద గీసే ఆఫ్‌సైడ్ గీతలను లావు చేసి, దాడి చేసేవాడి గీతా కాపాడేవాడి గీతా ఒకదాని మీద ఒకటి పడితే దాడి చేసేవాడికే లాభం ఇచ్చింది. తన కొలతకు ఎంత పొరపాటు పట్టవచ్చో ముందే ఒప్పుకుని నియమంలో కలుపుకోవడం నాకు యంత్రం కంటే గొప్పగా అనిపిస్తుంది.

వేగం ఎంచుకోవడం కూడా క్షణానికి సంబంధించిన విద్యే. కాలు ఎక్కడ తగిలింది, బంతి గీత దాటిందా లాంటివి స్లో మోషన్‌లో చూడవచ్చు. దెబ్బ ఎంత గట్టిది, చేతికి బంతి తగలడం తప్పా కాదా అన్నవి మాత్రం మామూలు వేగంలోనే చూడాలని నియమావళి చెబుతుంది. నెమ్మదిగా తిప్పితే ప్రతి తాకిడీ కావాలని చేసినట్టే కనిపిస్తుంది మరి.

మూడోది మాట. 2023 సెప్టెంబర్ 30న టోటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాస్ గోల్ కొట్టాడు. లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు. గదిలో కోణం సరిగ్గా ఎంచుకున్నారు, క్షణం సరిగ్గా పట్టారు, గీత సరిగ్గా గీశారు. ఆఫ్‌సైడ్ కాదని తేలింది. కానీ మైదానంలో గోల్ ఇచ్చేశారనుకున్న వీఏఆర్, చూడడం అయిపోయిందని మాత్రం చెప్పాడు. ఆట మళ్లీ మొదలైంది. తప్పును మొదట పసిగట్టింది రీప్లే ఆపరేటర్. అప్పటికే ఆట సాగుతోంది గనక వెనక్కి వెళ్లడానికి నియమం ఒప్పుకోలేదు. లివర్‌పూల్ 1-2తో ఓడింది. చూసింది ఒప్పే, చెప్పింది తప్పు.

మనదాకా వస్తే, హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ కప్పు గెలిచింది వీఏఆర్ లేకుండానే. ఆ పోటీలో రెఫరీకి ఉన్నవి తన కళ్లూ, విజిలూ, ఇద్దరు లైన్స్‌మన్లూ. శావల్యాపురం, వినుకొండ వైపు ఊళ్లలో కబడ్డీ ఆడించేవాళ్లకు ఆ లైన్స్‌మన్లూ ఉండరు. కూతకెళ్లిన కుర్రాడి ఒక కాలు బోనస్ గీత దాటినప్పుడు రెండో కాలు గాల్లో ఉందా, నేల మీద ఉందా అన్నచోటే గొడవ మొదలవుతుంది. వెంటనే పది ఫోన్లు పైకి లేస్తాయి. ఏ జట్టు వైపు నుంచి తీసినవాళ్లకు ఆ జట్టే గెలిచినట్టుంటుంది.

ఆ ఫోన్లలో ఒక్కదాన్ని పనికొచ్చేలా వాడుకోవచ్చు. బోనస్ గీతను కోర్టు బయటికి పొడిగిస్తే ఎక్కడికి వస్తుందో సరిగ్గా అక్కడ ఒకరిని నిలబెట్టాలి, తెరలో గీత నిలువుగా కనపడాలి. స్లో మోషన్ పెడితే చాలా ఫోన్లు సెకనుకు 120 బొమ్మలైనా తీస్తాయి. ప్రసార కెమెరా తీసే 50 కంటే అది నయం. వీడియో ఎవరు చూడాలో, ఏయే విషయాలకు చూడాలో ఆటకు ముందే రెండు జట్లకూ చెప్పాలి. చూశాక "అయిపోయింది" అనడం కాదు, "పాయింటు ఉంది" అనో "లేదు" అనో మైకులో చెప్పాలి. ఎంత చూసినా తేలకపోతే రెఫరీ మొదట చెప్పిందే ఖాయం. వీఏఆర్ గదిలో కూర్చునేవాళ్లకు అన్నిటికంటే కష్టమైన పని కూడా ఇదే: చేతిలో ఇన్ని కెమెరాలు ఉండి కూడా, స్పష్టంగా కనపడనప్పుడు తీర్పు జోలికి పోకుండా ఉండడం.