పంచుకున్నది పేదరికమేనా? – జావా పల్లె గురించి గీర్ట్జ్ చెప్పినదీ, చెప్పనిదీ

అమెరికన్ మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1963లో ప్రచురించిన 'అగ్రికల్చరల్ ఇన్వల్యూషన్' పుస్తకానికి సామాజికశాస్త్రాల్లో పెద్ద పీటే ఉంది. ఆసియా పల్లెల పేదరికం మీద రాసేవాళ్ళు ఏదో ఒకచోట దాన్ని తలుచుకోక మానరు. మేము మాత్రం దాన్ని చదివింది కల్లాల దగ్గర వడ్లు కొలిపించుకుని బతికిన ఇళ్ళనుంచి మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్ళంగా. అందుకేనేమో, అందరూ మెచ్చుకున్న చోటే మాకు కాలికి ముల్లు గుచ్చుకుంది.

గీర్ట్జ్ వాదన క్లుప్తంగా ఇది. జావా వరి మాగాణి, వాళ్ళ మాటలో 'సావా', ఎన్ని చేతులు పడితే అన్ని చేతులకూ ఎంతో కొంత పని పెడుతుంది. 1830లో డచ్చి పాలకులు తెచ్చిన నిర్బంధ సాగు పద్ధతిలో చెరకు కూడా అదే మాగాణిలో వంతులవారీగా పెరిగింది. లాభం ఓడలెక్కింది. జనం పెరిగారు, వాళ్ళను పీల్చుకునే పరిశ్రమ రాలేదు. దాంతో పల్లె లోలోపలికే ముడుచుకుంటూ, ఉన్న పనినీ ఉన్న పంటనూ ఇంకా ఇంకా చిన్న ముక్కలు చేసి అందరికీ సర్దింది. దీనికి గీర్ట్జ్ పెట్టిన పేరు 'పంచుకున్న పేదరికం'. అక్కడ ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అన్న చీలిక కాదట. సరిపోయినంత ఉన్నవాళ్ళు, కాస్త చాలనివాళ్ళు మాత్రమేనట.

వలసపాలన జావాను ఎలా పీల్చిందో చెప్పిన భాగం నిజంగా బలమైనది, దాన్ని కాదనడం లేదు. మా పేచీ ఆ 'పంచుకోవడం' అన్న మాటతోనే. ఎవరు పంచారు? ఎవరికి? పంచకపోతే అడిగే హక్కు ఎవరికుంది?

జావా పల్లెల్లో మాగాణి, ఇంటిస్థలం, ఇల్లు మూడూ ఉన్న రైతును చాలాచోట్ల 'కులి కెంచెంగ్' అనేవాళ్ళు. మన చెవికి కూలివాడనిపించే ఆ మాట అక్కడ పూర్తి హక్కులున్న రైతుకు పేరు! సర్కారుకు వెట్టి చేయాల్సిందీ అతనే, ఊరి వ్యవహారంలో నోరు విప్పగలిగిందీ అతనే. అతని కింద ఇల్లూ స్థలమూ ఉండి పొలం లేనివాళ్ళు. వాళ్ళ కింద పరాయివాడి పెరట్లో గుడిసె వేసుకున్నవాళ్ళు. వీళ్ళను ఇందుంగ్ అనీ, మగెర్సారి అనీ ఒక్కోచోట ఒక్కోలా పిలుస్తారు. ఆ అడుగున, గుడిసె కూడా లేక ఇంకొకరి పంచన తలదాచుకునేవాళ్ళు. ఇన్ని మెట్లకు ఇన్ని పేర్లు పెట్టుకున్న ఊళ్ళో ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అన్న తేడా లేదంటే ఎట్లా నమ్మడం?

అక్కడ ఇంటిస్థలమంటే నాలుగు గోడలు లేపుకునే చోటు మాత్రమే కాదు. 'పెకారంగన్' అనే ఆ పెరట్లో కొబ్బరి, అరటి, పనస, కర్రపెండలం, కోళ్ళు ఉంటాయి. పంట చేతికి రాని నెలల్లో పేద ఇంటిని నిలబెట్టేది అదే. పరాయి పెరట్లో ఉన్నవాడికి చెట్టు కాయా తనది కాదు, చెట్టు నీడా తనది కాదు. బదులుగా స్థలం ఇచ్చినవాడు కేకేస్తే పనికి పోవాలి. వీడు ఊళ్ళో పేదరికాన్ని పంచుకుంటున్నాడా, ఉండనిచ్చినందుకు అద్దె కడుతున్నాడా?

ఇక వరికోత. పాత పద్ధతిలో ఆడవాళ్ళు 'ఆని-ఆని' అనే చిన్న కత్తిని అరచేతిలో ఇముడ్చుకుని ఒక్కొక్క వెన్నే కోసేవాళ్ళు. కోసిన దాంట్లో ఒక పాలు, 'బావొన్', వాళ్ళది. ఊళ్ళోవాళ్ళు ఎవరొచ్చినా కోతకు రానివ్వాలన్నది ఆచారం. పంచుకోవడానికి ఎక్కువమంది చూపించే రుజువు ఇదే. కానీ 1970లలో యోగ్యకర్తా ప్రాంతపు పల్లెలో పనిచేసిన ఆన్ స్టోలర్ పరిశోధనలో, ఆ పాలు అందరికీ ఒకటి కాదని తేలింది. దగ్గరి చుట్టానికీ ఇరుగుపొరుగుకూ ఎక్కువ, దూరపువాళ్ళకు తక్కువ. అదే పల్లెలో పనిచేసిన బెంజమిన్ వైట్ పేద ఇళ్ళలో పిల్లలతో సహా ఎన్ని గంటలు, ఎన్ని రకాల పనులు చేస్తారో లెక్కగట్టాడు. కొన్నిచోట్ల 'చెబ్లోకన్' అని ఇంకొక ఏర్పాటు: నాట్లూ కలుపూ కూలి లేకుండా చేసినవాళ్ళకే కోతకు వచ్చే హక్కు. అంటే కోతలో దొరికే పాలు ఎవరి దయా కాదు, నెలల ముందు చేసిన పనికి ఆలస్యంగా చేతికొచ్చిన కూలి. మన దగ్గర కూడా కల్లం మీద కొలిచిన గింజల్ని ఆసామి దానంగానూ మన తల్లులు కూలిగానూ లెక్కపెట్టారు. గీర్ట్జ్ వినిపించిన లెక్క ఆసామి లెక్క.

ఆ ఆచారం ఎంత గట్టిదో తేలడానికి ఎంతోకాలం పట్టలేదు. 1960ల చివర్లో పొట్టి, అధిక దిగుబడి వరి వచ్చింది. 'తెబసాన్' పెరిగింది: రైతు పంటను పొలం మీదే వ్యాపారికి అమ్మేస్తాడు, వ్యాపారి కొడవళ్ళతో తన ముఠాను దింపుతాడు. ఊళ్ళో ఆడవాళ్ళు గట్టు మీద నిలబడిపోయారు. వాళ్ళకు 'రావద్దు' అని రైతు చెప్పనక్కర్లేదు, పంట ఇప్పుడు అతనిది కాదుగా! అదే కాలంలో వడ్ల మిల్లులు వచ్చి దంపుడు కూలీ పోయింది. తరతరాల 'పంచుకోవడం' ఒకటి రెండు పంటల్లో మాయమైందంటే, అది పల్లె ఆత్మలో లేదని తెలియడం లేదా?

ఆ పల్లెను అట్లా చూడటం గీర్ట్జ్‌తో మొదలు కాలేదు. 1811లో ఇంగ్లీషువాళ్ళు జావాను పట్టుకున్నాక అక్కడి భూమి హక్కుల మీద వేసిన కమిటీకి అధ్యక్షుడు కాలిన్ మెకంజీ. అవును, మన ఊళ్ళ కైఫీయతులు రాయించిన మెకంజీనే. భూమంతా రాజుదేనన్న సిద్ధాంతంతో అక్కడ శిస్తు విధించింది రాఫెల్స్. శిస్తు వసూలుకు పల్లె ఒక ముద్దగా, ఒక పెద్దతో, ఒక మాటతో కనపడటం దొరలకు అవసరం. ఇక్కడ గ్రామ రిపబ్లిక్కు కథ అట్లా పుట్టిందే. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఆ కథను చీల్చిపారేశారు. జావా పల్లెకు అటువంటి గొంతు పుస్తకంలో దొరకదు. 1918లోనే ఆయన చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో జబ్బు కమతం సైజులో లేదనీ, భూమి మీద పనిలేకుండా పేరుకున్న జనంలో ఉందనీ, మందు పరిశ్రమేననీ తేల్చారు. గీర్ట్జ్ జావాను జపానుతో పోల్చి దాదాపు అక్కడికే వస్తాడు. తేడా ఎక్కడంటే, అంబేడ్కర్ 1947 నాటికి భూమి ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న దగ్గరికి వెళ్ళారు. గీర్ట్జ్ సంస్కృతి దగ్గర ఆగిపోయాడు.

జావాలో అంటరానితనం లేదు. భూమిలేనివాడికి వేరే వాడ లేదు, మసీదులో వేరే వరస లేదు. అందుకని అక్కడి భూమిలేనివాళ్ళందరినీ దళితులని పిలవడం మా ఉద్దేశం కాదు. కూతురికీ భూమిలో వాటా ఉంది. మతం లెక్కన కొడుకుకు కావడి, కూతురికి వీపు మోత అని సామెతగా రెండుకు ఒకటి చెప్పినా, చాలా ఇళ్ళలో సమానంగానే ఇస్తారు. పుట్టింటినుంచి తెచ్చుకున్న భూమి పెళ్ళయ్యాకా ఆమెదే. మన ఆడవాళ్ళకు ఇది ఎంత దూరపు మాటో చెప్పనక్కర్లేదు. కానీ వాటా రావాలంటే ముందు భూమి ఉండాలి కదా.

ఆ భూమి కోసం ఒకసారి గట్టిగా అడిగారు. 1960 భూసంస్కరణ చట్టం జనం కిక్కిరిసిన ప్రాంతాల్లో మాగాణికి 5 హెక్టార్ల పరిమితి పెట్టింది, ఒక్కో రైతు కుటుంబానికి కనీసం 2 హెక్టార్లు ఉండాలని రాసుకుంది. అర హెక్టారు కూడా లేనివాళ్ళే ఎక్కువైన జావాలో ఆ రెండు హెక్టార్లు ఎక్కడినుంచి వస్తాయో ఎవరూ చెప్పలేదు. అమలు నత్తనడకన సాగితే కమ్యూనిస్టు పార్టీ, దాని రైతు సంఘం 1963 చివరినుంచి తామే పొలాల్లోకి దిగాయి. 1965–66లో జరిగిన ఊచకోతలో ఇండోనేషియా అంతటా తక్కువలో తక్కువ ఐదు లక్షలమంది చనిపోయారని అంచనా. గీర్ట్జ్ 'మొజొకుతో' అని మారుపేరు పెట్టి 1950లలో పరిశోధన చేసిన ఊరు తూర్పు జావాలోని పరే. అది కెదిరి జిల్లా. హత్యలు అతి ఎక్కువగా జరిగిన చోట్లలో కెదిరి ఒకటి. పంచిన భూములు చాలాచోట్ల మళ్ళీ పాత యజమానుల చేతికే పోయాయి. సుహార్తో పాలనలో భూమి అడగడమంటే కమ్యూనిస్టు అనిపించుకోవడమే. పేదరికాన్ని అంత సామరస్యంగా పంచుకున్న ఊళ్ళు భూమి పంపకం మాట వచ్చేసరికి ఇట్లా ఎందుకు రక్తమోడాయి? 1984లో విమర్శకులకు గీర్ట్జ్ రాసిన సుదీర్ఘ జవాబులో కూడా మాకు దీనికి సమాధానం దొరకలేదు.

ఇవాళ్టి జావాలో అర హెక్టారు లోపు రైతును 'గురెమ్' అంటున్నారు. గురెమ్ అంటే కోడి ఒంటి మీది పేను. సర్కారు లెక్కల్లోనూ అదే మాట. ఆ ఇళ్ళ ఆడపిల్లలు హాంకాంగ్, తైవాన్, మలేషియాల్లో ఇంటిపనికి పోయి పంపిన డబ్బుతో పల్లెల్లో పక్కా ఇళ్ళు లేస్తున్నాయి. భూమి కొలిచి పట్టా ఇచ్చే పథకాన్ని 2017నుంచి ప్రభుత్వం ముమ్మరం చేసింది. పట్టా తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవచ్చు, పిల్లల్ని చదివించుకోవచ్చు. కొలవడానికి వచ్చినవాళ్ళు పెకారంగన్ హద్దులు కొలిచి యజమాని పేరు రాసుకుంటారు. ఆ హద్దుల లోపల మూలన ఉన్న మగెర్సారి గుడిసెకు మాత్రం వేరే కాగితం ఉండదు.