లిస్టు కంటే టపుల్ వేగమా? ఒక పాఠ్యపుస్తక వాక్యంపై విమర్శ

పైథాన్ పాఠ్యపుస్తకాలు చాలావాటిలో మీకు ఈ వాక్యం కనిపిస్తుంది: లిస్టు కంటే టపుల్ వేగంగా పనిచేస్తుంది. పరీక్షలో రాస్తే మార్కులు కూడా పడతాయి. కాని ఏ పనిలో వేగం అన్నది ఆ వాక్యం చెప్పదు. దాని లోపం అక్కడే ఉంది.

దానికి ఆధారంగా చూపే ప్రయోగాన్ని పరిశీలించండి. మూడు అంకెలతో ఒక టపుల్‌ను, ఒక లిస్టును లక్షలసార్లు తయారుచేయించి టైమ్‌ఇట్ మాడ్యూల్‌తో కాలం కొలుస్తారు. టపుల్ సులభంగా గెలుస్తుంది. అయితే టపుల్ మారదు కాబట్టి, అందులోనివన్నీ స్థిరాంకాలే అయినప్పుడు, పైథాన్ దాన్ని ముందే ఒకసారి సిద్ధం చేసి పెట్టుకుంటుంది. (ఇంటర్‌ప్రెటెడ్ భాషలో ‘ముందే’ ఏమిటని అనుకోకండి. మీ ప్రోగ్రాము నడవక ముందు బైట్‌కోడ్‌గా మారుతుంది.) ఆ తర్వాత ప్రతిసారీ ఉన్నదాన్నే తీసి ఇస్తుంది. లిస్టును మాత్రం ప్రతిసారీ కొత్తగా కట్టాలి. అంకెల స్థానంలో చలరాశులు పెట్టి చూడండి, తేడా బాగా తగ్గుతుంది.

ఇప్పుడు నిత్యజీవితంలోని ఒక పనిని తీసుకుందాం. మీరు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు లెక్కలు చూస్తున్నారనుకోండి. సూర్యాపేట, కోదాడ వైపు నుంచి వచ్చిన ధాన్యం లోడ్ల స్లిప్పు నంబర్లు 20,000 నమోదై ఉన్నాయి. ఇవాళ వచ్చిన 300 స్లిప్పుల్లో పాతది ఏదైనా రెండోసారి బిల్లుకు వచ్చిందా అని చూడాలి. లిస్టులో అయితే ప్రతి కొత్త స్లిప్పునూ 20,000 నంబర్లతో పోల్చాలి. అంటే మొత్తం 60 లక్షల పోలికలు. టపుల్‌లోకి మార్చినా అవే 60 లక్షలు! సెట్ మాత్రం నంబరు నుంచి హాష్ విలువ కట్టి, అది ఉండవలసిన చోటికే నేరుగా వెళ్తుంది. నంబర్లు 2 లక్షలైనా ఒక్కో వెతుకులాటకు పట్టే కాలం సగటున పెద్దగా పెరగదు. జ్ఞాపకశక్తి కొంత ఎక్కువ తీసుకుంటుంది, అంతే.

ఆ సెట్‌ను లూప్ బయట ఒక్కసారే కట్టండి. లోపల రాస్తే 20,000 నంబర్లకూ 300 సార్లు హాష్ కట్టవలసి వస్తుంది. దానికంటే లిస్టే నయం.

ఇంకో ప్రమాదం ఉంది. స్లిప్పు నంబరుకు బదులు లారీ నంబర్లను సెట్‌లో వేశారనుకోండి. రెండు ట్రిప్పులు వేసిన లారీ ఒక్కసారే మిగులుతుంది. ఒక లోడు లెక్కలోంచి జారిపోతుంది, దాని వెనక ఒక రైతు డబ్బు ఉంటుంది. అక్కడ డిక్షనరీ వాడి, లారీ నంబరుకు ఎదురుగా ట్రిప్పుల సంఖ్య రాయాలి. డిక్షనరీ కూడా హాష్‌తోనే వెతుకుతుంది. 2018లో వచ్చిన 3.7 నుంచి చేర్చిన వరుసను నిలుపుతుందన్న హామీ కూడా ఉంది.

తేదీవారీ లెక్క కావాలంటే లారీ నంబరును, తేదీని కలిపి ఒకే కీగా పెట్టాలి. లిస్టు మారగలదు కాబట్టి కీగా పనికిరాదు. టపుల్ పనికొస్తుంది. పాఠ్యపుస్తకం టపుల్‌ను మెచ్చుకోవలసింది ఇక్కడ.